మురుగునీటి శుద్ధి కుంట

మురుగునీటి శుద్ధి కుంట అనగా ఇళ్ళనుండి వచ్చే మురుగునీటిని లోతు తక్కువ గల కుంటలలో కొన్నాళ్ళు నిలవ ఉంచి, ఎండ, బాక్టీరియా, శైవలాల (నాచు) సాయంతో శుభ్రపరచే ఏర్పాటు. ఇంజనీర్లు దీనిని ఆక్సిడేషన్ పాండ్ అని, స్థిరీకరణ కుంట అని వ్యవహరిస్తారు. కరెంటు, యంత్రాల అవసరం దాదాపు ఉండదు గానీ స్థలం ఎక్కువ కావాలి. అందువలన ఇది చిన్న గ్రామాలకు అనువైనది. విశాఖపట్నం పాతనగరంలోని పూర్ణా మార్కెట్ వంటి ఇరుకైన చోట్ల దీనికి వీలు లేదు.

పనిచేసే విధానం

సాధారణంగా కుంటలను వరుసగా నిర్మిస్తారు. మొదటిది 2 నుండి 5 మీటర్ల లోతు ఉంటుంది. ఇందులో మడ్డి అడుగుకు చేరి, గాలి అవసరం లేని బాక్టీరియా వలన కుళ్ళుతుంది. మురుగు పలుచగా ఉన్నచోట దీనిని వదిలివేయవచ్చు. రెండవది ముఖ్యమైనది, లోతు ఒకటిన్నర మీటర్ల ప్రాంతం. పగటివేళ శైవలాలు విడుదల చేసే ఆక్సిజన్‌ను వాడుకొని బాక్టీరియా మలినాలను విచ్ఛిన్నం చేస్తాయి. అప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడు తిరిగి శైవలాలకు ఆహారమవుతుంది. ఈ కుంట ఆకుపచ్చగా కనిపించడం మంచి లక్షణమే. చివరి కుంటలో ఎండ, పెరిగిన క్షారత రోగకారక క్రిములను చంపుతాయి. నులిపురుగుల గుడ్లు బరువుకు అడుగున చేరతాయి.

కావలసిన స్థలం

నాగపూరులోని కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (1974 నుండి నీరి) 1970లో ఈ కుంటలపై ఒక గ్రంథాన్ని ప్రచురించింది. సోలీ ఆర్సీవాలా సూత్రం ప్రకారం అక్షాంశాన్నిబట్టి కుంట భరించగల మలినభారం మారుతుంది. విశాఖపట్నం అక్షాంశం (సుమారు 17.7 డిగ్రీలు) వద్ద ఇది హెక్టారుకు రోజుకు 264 కిలోల బీఓడీ. మనిషికి రోజుకు 40 గ్రాముల చొప్పున తీసుకుంటే 2,000 జనాభా గల ఊరికి 80 కిలోలు, అంటే రెండవ కుంటకే సుమారు 75 సెంట్ల భూమి కావాలి. మరుగుదొడ్లకు ఇంకుడు గుంటలు ఉండి, వంటింటి, స్నానాల నీరు మాత్రమే వచ్చే గ్రామాలలో ఇంతకంటే తక్కువ సరిపోతుంది.

ఊరి మురుగు గుంటతో తేడా

కోస్తా గ్రామాలలో చాలాచోట్ల కాలువల మురుగు ఊరి చివర గుంటలోకో, చెరువులోకో చేరుతుంది. దీనినే శుద్ధి అనుకోవడం పొరపాటు. నీరు వచ్చే దారి, పోయే దారి దగ్గరగా ఉంటే మురుగు నిలవకుండానే బయటకు పోతుంది. అడుగు గట్టిపరచకపోతే బావుల్లోకి ఊరుతుంది. అన్నిటికన్నా చేటు గుర్రపుడెక్క: అది నీటిని కప్పివేస్తే ఎండ తగలక శైవలాలు నశిస్తాయి, నీరు కంపు కొడుతుంది. దాని వేళ్ళను అంటిపెట్టుకొని మాన్సోనియా దోమ పిల్లలు పెరుగుతాయి. బోదకాలును వ్యాపింపజేసే దోమలలో ఇది ఒకటి. మరొకటైన క్యూలెక్స్‌కు గట్టు వెంబడి గడ్డిలోని మురుగునీరే నెలవు.

కాబట్టి గట్టు గడ్డి కోయడం, తెట్టు తీయడం ఎవరో ఒకరి నిత్యవిధిగా ఉండాలి. పంచాయతీలు తవ్వించడానికి నిధులు తెచ్చుకుంటాయి గానీ ఈ పనికి మనిషిని పెట్టడం మరచిపోవడం తరచు జరిగేదే. అడుగు మడ్డిని మాత్రం చాలా ఏళ్ళకొకసారి తీస్తే చాలు.

నీటి వాడకం

పచ్చిగా తినే కూరలకు పారించే నీటిలో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫారంలు 1,000కి, లీటరుకు నులిపురుగుల గుడ్లు ఒకటికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సూచించింది. చివరి కుంట లేకుండా ఈ స్థాయి సాధ్యం కాదు. ఖర్చు తగ్గించడానికి సాధారణంగా వదిలివేసేది దానినే.

2020లో ఆమోదం పొందిన స్వచ్ఛ భారత్ మిషన్ (గ్రామీణ) రెండవ దశలో గ్రామాల వాడుకనీటి శుద్ధిని కూడా చేర్చారు. స్థిరీకరణ కుంటలు అందులో సూచించిన పద్ధతులలో ఒకటి.