వైమానికుని నేత్రపరీక్ష

ప్రొద్దుటూరు బంగారపు అంగళ్ళలో గురిగింజ యెత్తు తేడాకు బేరము తెగిపోవుట చూచినవారికి, అర డయాప్టరు లోపముచే ఒక యువకుని వైమానికోద్యోగము చేజారుట అంతగా వింత గొలుపదు. అయినను పసిడి తూనిక పురాతనము. కంటి తూనిక నిన్న మొన్నటిది. దూరమున వచ్చు బండి యెవరిదో గట్టుపైనుండి పోల్చగలిగినవాడు మంచి చూపుగలవాడనియు, పోల్చలేనివానికి కన్నానదనియు తీర్పు చెప్పుటయే మన పల్లెల పూర్వపు నేత్రశాస్త్రము. హాలండు వైద్యుడు స్నెల్లెన్ 1862లో అక్షరఫలకమును కల్పించుటతోను, ఫ్రెంచి నేత్రవైద్యుడు మొనొయే 1872లో డయాప్టరను మానమును ప్రతిపాదించుటతోను చూపు అంకెలకు లోబడెను. 1917లో జపాను వైద్యుడు ఇషిహార ప్రకటించిన రంగుచుక్కల పలకలతో వర్ణాంధతకును దాగుటకు చోటు లేకపోయెను.

ప్రథమ ప్రపంచసంగ్రామమున రాడారు లేదు. శత్రువును ముందుగా చూచినవాడే బ్రతుకువాడు. అందుచే పరీక్షకులు కఠినులైరి. కలకత్తా యువకుడు ఇంద్రలాల్ రాయ్ రాయల్ ఫ్లయింగ్ కోరునందు చేరబోగా, చూపు చాలదని త్రోసిపుచ్చిరి. అతడు తన మోటారుసైకిలు నమ్మి, ఆ సొమ్ముతో ప్రసిద్ధుడైన వేరొక నేత్రవైద్యునికి కన్నులు చూపించుకొని, మొదటి తీర్పును త్రిప్పించెనని చెప్పుదురు. 1918 జులైలో రెండు వారముల వ్యవధిలో పది విజయములు గడించి, ఆ నెల 22న, ఇరువదేండ్లయిన నిండకయే నేలకొరగిన ఆ వీరుని తలచినపుడెల్ల, మొదటి వైద్యుడు కొలిచినది దేనినో యని నాకు సందేహము కలుగుచుండును.

1932 అక్టోబరు 8న అవతరించిన భారత వైమానికదళమున నేడు పైలటు కాగోరువానికి సులోచనములు లేకయే ఒక కన్ను 6/6, రెండవది 6/9 చూడవలెను. ఆ రెండవ కంటి కొరత దూరదృష్టివలననైనచో, రెండు డయాప్టరులు మించనంతవరకు క్షమింతురు. హ్రస్వదృష్టి యెంత స్వల్పమైనను క్షమింపరు. దూరదృష్టిని లోపముగా నెంచియు మన్నించు శాసనము లోకమున నిదియొక్కటియే కాబోలు!

పులివెందులలో ఇంటరు చదువు బాలునకు ఈ సంగతి తెలియు సమయమే విషాదకరము. ముందుగా హెచ్చరింపదగిన సైనిక పాఠశాల చిరకాలము దూరాన కోరుకొండలోనే యుండెను. సీమలోని కలికిరికి అది 2014లో గాని రాలేదు. వ్రాతపరీక్ష గెలిచి, మైసూరు వంటి చోట అయిదు దినముల యెంపికను దాటిన పిమ్మటనే వైద్యపరీక్ష. తరగతిలో నల్లబల్ల మసకబారినపుడు ముందు బెంచీకి జరిగి సరిపెట్టుకొన్న కన్ను, సంవత్సరముల శ్రమ ముగిసిన తరువాత, బెంగుళూరులో జరుగు ఆ వైద్యపరీక్షలో తన గుట్టు విప్పును. ఊరిలోనే, పదవ తరగతికి ముందే, కొద్ది నిమిషములలో తేలదగిన విషయమిది.

లేజరు చికిత్స ఈ ద్వారమును కొంత తెరచినది గాని, దాని గడప వయస్సు. ఇరువదేండ్లు నిండకముందు చేయించుకొన్నది చెల్లదు. పిమ్మట పండ్రెండు మాసములు గడువవలెను. స్వచ్ఛపటలము 450 మైక్రాన్లకు తగ్గరాదు. పందొమ్మిదిన్నరకే వయఃపరిమితి ముగియు జాతీయ రక్షణ అకాడమీ అభ్యర్థికి ఇది అక్కరకు రాదు. పట్టభద్రుడై సాధారణముగా ఇరువది నాలుగు లోపల దుండిగల్లులోని వైమానికదళ అకాడమీ చేరవలసినవానికి మాత్రము, ఇరువది యొకటి మొదలు మూడేండ్ల సందు దొరకును.