ఉమ్మడి నేలకు జీర్ణోద్ధరణము



మన పూర్వులు సప్తసంతానములను లెక్కించునపుడు కన్నకొడుకుతోపాటు చెరువును, వనమును, దేవాలయమును కూడ చేర్చిరి. క్రొత్త గుడి కట్టించుటయెంతటి పుణ్యమో, పాడుపడిన గుడిని నిలువబెట్టుటయు నంతటి పుణ్యమేయని చెప్పుదురు. జీర్ణోద్ధరణమను మాట మీకు క్రొత్త కాదు. అయితే, ఊరివారందఱు తిరుగాడు తోటకును, పశువుల బీటికిని ఆ మాట వర్తించునా? వర్తించునని అమెరికా దేశపు రెండు నగరముల చరిత్ర చెప్పుచున్నది. నేను బడిలో చెప్పిన చరిత్రపాఠములలో రాజుల పేర్లును, యుద్ధముల తేదులును నుండెడివి. నేలయొక్క చరిత్రకు చోటుండెడిది కాదు. ఆ పాఠమును నేడు మీకు విన్నవించెదను.

1634వ సంవత్సరమున బోస్టను పట్టణవాసులు ఇంటింటికి చందా వేసికొని, విలియమ్ బ్లాక్‌స్టన్ అనునతనికి 30 పౌనులిచ్చి కొంత నేల కొనిరి. పశువుల మేతకును, సేనల కవాతునకును దానిని విడిచిరి. అది నేడు సుమారు 50 ఎకరములు. వారు దానిని కామన్ అందురు. మనము ఊరుమ్మడి యనవచ్చును. పచ్చికకు మించి పశువులు పెరుగగా, 1646లో పాడియావులు 70కి మించి మేయరాదని పట్టణసభవారు కట్టడి చేసిరి. 1830లో మేత మాన్పించి ఆ చోటును జనుల విహారమునకు నిలిపిరి. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చెనని మనకొక సామెత కలదు. కాని బోస్టను ఉమ్మడి నేల దాదాపు నన్నూఱేండ్లుగా నిలిచియున్నది. ఇన్ని యావులే యని లెక్క గట్టి, ఆ లెక్కకు అందఱును లోబడినందుననే అది నిలిచినది.

రెండవది న్యూయార్కు నగరమందలి సెంట్రల్ పార్కు. దాని విస్తీర్ణము 843 ఎకరములు. 1858లో జరిగిన పోటీలో 33 నమూనాలు రాగా, ఫ్రెడెరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అను నిరువురు కలసి గీచిన నమూనా నెగ్గినది. నేలను, నీటిని, చెట్టును, బాటను ఒక భవనమందలి గదులవలె అమర్చు విద్యను భూదృశ్యశిల్పమందురు. ఆ విద్యకు వీరు ఆద్యులలోనివారు. చూచువారికి ఆ తోట దేవుడు చేసిన యడవివలె నుండును. కాని యందలి చెరువులు మనుష్యులు త్రవ్వినవి, పచ్చికబయళ్లకు మట్టి బయటినుండి తోలినది. నగరమునకు అడ్డముగా పోవు నాలుగు రాచబాటలను నేలమట్టమునకు దిగువగా త్రవ్వి నడిపిరి. అందుచే తోటలో నడచువాని కంటికి బండ్ల రాకపోకలు కనబడవు.

ఆ తోట పుట్టుకలో నొక యన్యాయమును కలదు. దానిని దాచినచో చరిత్ర చెప్పినట్లు కాదు. ఆ నేలలో కొంతభాగమున 1825 మొదలు సెనెకా విలేజి అను పల్లె యుండెను. సుమారు 225 మంది నివసించిరి. వారిలో హెచ్చుమంది నల్లజాతివారు. సొంత యిండ్లు, చర్చిలు, బడి గలవారు. ఆ కాలమున ఆ రాష్ట్రములో నల్లజాతివానికి వోటు కావలెనన్న 250 డాలర్ల ఆస్తి యుండవలెను. కావున వారికి భూమియనగా మర్యాదయు, హక్కును. 1857లో నగరము వారినందఱను లేవదీసినది. సొంతదారులకు సొమ్ము ముట్టినది గాని, పల్లె మరల నెక్కడను కూడలేదు. అందఱి మేలు కొఱకని చెప్పి చేసిన పనిలోను, ఆ అందఱిలో ఎవరిని లెక్కింపక విడిచితిమాయని అడుగవలసియున్నది.

ఇక జీర్ణోద్ధరణ విషయము. 1970 తరువాతి పదేండ్లలో న్యూయార్కు నగరపు బొక్కసము వట్టిపోయెను. తోటమాలులు తగ్గిరి. పచ్చికబయళ్లు దుమ్ముకొట్టుకొనిపోయెను, బల్లలు విరిగెను, గోడలు పిచ్చివ్రాతలతో నిండెను. చీకటిపడిన పిమ్మట అచటికి పోవుటకు జనులు జంకిరి. 1980లో కొందఱు పౌరులు సెంట్రల్ పార్కు కన్సర్వెన్సీ యను సంఘముగా నేర్పడి, నగరముతో కలసి పనికి పూనిరి. ఎలిజబెత్ బార్లో రోజర్స్ అను విదుషీమణి వారికి నాయకురాలు.

వారు మొదట గునపము పట్టలేదు. మంచి వైద్యుడు మందిచ్చుటకు ముందు నాడి చూచునట్లు, నేల స్వభావమును, నీటి పారుదలను, చెట్ల స్థితిని, జనుల నడకదారులను పరీక్షించి, 1985లో సమగ్రమగు పథకమును సిద్ధపఱచిరి. త్రొక్కుడుచే గట్టిపడిన నేలలో నీరింకదు. నీరింకనిచోట వేరు దిగదు. కావున గ్రేట్ లాన్ అను పెద్ద పచ్చికబయలును 1997లో బాగుచేసినపుడు అడుగున మురుగునీటి దారులు వేసి, మట్టిని మార్చి, ఆ పైననే గడ్డి నాటిరి. చలికాలమునను, పెద్దవాన కురిసినపుడును దానిని మూసియుంచుట నేటికిని కలదు. బెథెస్డా మండపపు పైకప్పునకు పొదిగిన 15,876 రంగు పలకలను ఊడదీసి, బాగుచేసి, 2007లో మరల పొదిగిరి.

నాకన్నిటికంటె నచ్చిన యేర్పాటు వేఱొకటి. 1996లో తోటను 49 భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క తోటమాలిని బాధ్యునిగా నియమించిరి. గడ్డి యెండినను, బల్ల విరిగినను ఎవనినడుగవలెనో అందఱికి తెలియును. మన చెరువులక్రింద నీరుగంటి చేసిన పని యట్టిదియే కదా! తూము తీయుట, మూయుట, మడిమడికి నీరు పంచుట యతని బాధ్యత. నీరుగంటి లేని యూళ్లలో తూము దగ్గఱ తగవులు మీరెఱుగుదురు.

మన దేశమందు 2011 జనవరి 28వ తేదిన సుప్రీము కోర్టువారు జగ్‌పాల్ సింగు వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, పంజాబులో ఊరి చెరువును పూడ్చి యిండ్లు కట్టుకొన్నవారిని తొలగింపవలెననిరి. గ్రామపు ఉమ్మడి నేలలను ఆక్రమణలనుండి విడిపించుటకు పథకములు వేయుడని అన్ని రాష్ట్రప్రభుత్వములను ఆదేశించిరి. తీర్పు నేలను విడిపింపగలదు. నీరు పోసి చెట్టును పెంచవలసినవారు ఊరివారే.

అయ్యలారా! మీ యూరి మందబయలు ఎన్ని యెకరములో, దాని హద్దురాళ్లు ఎచ్చటనున్నవో మీకు తెలియును. మీ మనుమలకు తెలియునా? తోట వేయుటకు ధనము కావలెను, శిల్పి కావలెను. హద్దులు చూపుటకు మీరొక యుదయమున పిల్లలను వెంటబెట్టుకొని నడచిన చాలును. చెట్లు నాటువారికి ముందుగా కావలసినది ఆ తెలివియే. దానిని మీ తరముతో పోనీయవలదని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.