గీసిన చెయ్యి ఎవరిది?



మ్యూజియంలో గోడ మీద గళ్ళూ, గీతలూ, వృత్తాలూ చూసి, "దీనికి టిక్కెట్టా? మావాడు ఇంతకన్నా బాగా గీస్తాడు!" అనుకోని మనవాళ్ళు అరుదు. సోల్ లెవిట్ బొమ్మల విషయంలో ఆ మాట సగం నిజం. ఆయన గోడ బొమ్మల్లో చాలావరకు వేరేవాళ్ళు గీసినవే.

లెవిట్ 1928లో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. కళలో ఆలోచనే ముఖ్యం, అది ముందే తేలిపోతే గీయడమంటే దాన్ని అమలు చెయ్యడమేనని 1967లో ఆర్ట్‌ఫోరమ్ పత్రికలో వాదించారు. 1968 అక్టోబరులో న్యూయార్క్‌లోని పౌలా కూపర్ గ్యాలరీలో మొదటిసారి నేరుగా గోడ మీద పెన్సిలుతో గీశారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే విద్యార్థులకి సాయంగా పెట్టిన ప్రదర్శన అది. అయిపోయాక ఆ గోడకి రంగు కొట్టేశారు.

ముగ్గు పెట్టేవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. "పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వచ్చేవరకు" అని, ఏ చుక్కని దేనితో కలపాలో ఫోనులో చెబితే, విశాఖ ముగ్గు డాలస్‌లో గరాజు ముందు పడుతుంది. లెవిట్‌కి మన ముగ్గు తెలుసని కాదు, పద్ధతి అర్థమవుతుందని చెబుతున్నాను. తేడా ఏమిటంటే, ముగ్గు ఎవరి సొత్తూ కాదు. లెవిట్ బొమ్మ కొన్నవారి చేతికి సంతకం చేసిన ధ్రువపత్రం, ఎలా గీయాలో చూపే పటం వస్తాయి. గోడ చెరిపేసినా బొమ్మ ఉన్నట్టే.

ఇవి ఎక్కువగా ఒకేచోట చూడాలంటే మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్ వెళ్ళాలి. ఒకప్పుడు బట్టల మీద అచ్చులు వేసిన కర్మాగారం, తరవాత స్ప్రేగ్ ఎలక్ట్రిక్ వారిది. 1985లో అది మూతపడితే ఊరు కుదేలైంది. ఆ భవనాల్లోనే 1999లో మాస్ మోకా మ్యూజియం తెరిచారు. అక్కడ మూడంతస్తుల్లో లెవిట్ గోడ బొమ్మలు 105 ఉన్నాయి. 2008లో సుమారు 65 మంది చిత్రకారులూ, విద్యార్థులూ ఆరు నెలలు గీశారు. ఏది ఎక్కడ రావాలో ముందే నిర్ణయించిన లెవిట్ 2007 ఏప్రిల్‌లోనే పోయారు. ఆ బొమ్మల్ని 2043 దాకా ఉంచాలని ఏర్పాటు.

వాటిలో 46వ నంబరు బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. సూచన ఇంతే: నిలువు గీతలు, తిన్నగా ఉండకూడదు, ఒకదానికొకటి తగలకూడదు, గోడంతా సమంగా నిండాలి. 1970 మే నెలలో లెవిట్ ఆప్తమిత్రురాలు, శిల్పి ఈవా హెస్ 34 ఏళ్ళకే చనిపోయింది. చిన్నతనంలో నాజీల బారినుంచి తప్పించుకుని జర్మనీ వదిలి వచ్చిన మనిషి. మెత్తగా వేలాడే, వంకర తిరిగే రూపాలు ఆమెవి. అంతవరకూ గోడ మీద తిన్నని గీతలే గీయించిన లెవిట్, ఆమె కోసం మొదటిసారి తిన్నగా లేని గీత ఎంచుకున్నారు. సూచనలో దుఃఖమన్న మాటే లేదు. కానీ గీసే ప్రతివాళ్ళ చెయ్యీ ఆమె గీత దారినే వణుకుతూ వెళ్ళాలి.

ఆలోచనే ముఖ్యమన్న మనిషి, ఇక్కడ గీత ఎటు ఒంగాలో తెలియనివాళ్ళ చేతికే వదిలేశారు.

ఈ ఆదివారం పిల్లలకి తలో కాగితం ఇచ్చి, ఆ సూచన చదివి వినిపించండి. మీరూ ఒకటి తీసుకోండి. తగలకుండా, సమంగా, చివరిదాకా గీయడానికి ఎంత ఓపిక కావాలో సగంలోనే తెలుస్తుంది. అందరివీ గోడకి పక్కపక్కన అంటించి చూడండి. ఏది ఎవరిదో పేరు రాయకుండానే పోల్చుకోగలరు.

వచ్చేవారం కలుద్దాం. సెలవు.