బిందె నుంచి క్యాను దాకా

బెంగళూరికి 1896లో హెసరఘట్ట చెరువు నీళ్లు వచ్చాయి, 1974లో కావేరి నీళ్లు. ఎక్కడి నీళ్లైనా మా ఇంట్లో అవ్వ రాగిబిందెలోకే చేరేవి. కన్నడ బడిలో చదివిన నాకది 'బిందిగె'. తర్వాత ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాను వచ్చింది, బిందె అటకెక్కింది.

2018లో మనదేశంతో సహా తొమ్మిది దేశాల్లో కొన్న 259 నీళ్ల సీసాలు పరీక్షిస్తే, 93 శాతంలో మైక్రోప్లాస్టిక్ కనబడింది. సగటున లీటరుకు 325 ముక్కలు. 2024లో అమెరికా సీసాలను లేజర్‌తో చూస్తే లీటరుకు సుమారు 2,40,000! ఆరేళ్లలో నీళ్లు అంతగా చెడలేదు, చూసే కన్ను పదునెక్కింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే నాకిది తెలిసిందే: కనబడనంత మాత్రాన తప్పు లేనట్టు కాదు.

ఒంటికి ఎంత హానో ఇంకా తేలలేదు. కొళాయి నీళ్లలోనూ ప్లాస్టిక్ ఉంటుంది. కనీసం మనం ఇంకొంచెం కలపకుండా ఉందామని, మొన్న బిందె దించి చింతపండుతో తోమాను. కాచి చల్లార్చిన నీళ్లు అందులోనే పోస్తున్నాం. మా పాప దాన్ని 'అవ్వ బిందె' అంటోంది.