ముద్రాపకుడే చరిత్రకారుడైన వేళ: ఐజయా థామస్ కృషి – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

గ్రంథాలను భద్రపరచడం అన్ని సమాజాల్లోనూ ఉన్న సంప్రదాయమే. పత్రికలు, కరపత్రాలు, వీధుల్లో అమ్మే పాటల కాగితాలు మాత్రం చదివిన మరునాటికే చెత్తలో కలుస్తాయి. ఒక కాలంలో సామాన్యులు ఏం చదివారో, దేని గురించి వాదించుకున్నారో తెలిపే ఆధారాలు ఎక్కువగా ఈ రెండో కోవలోనే ఉంటాయి. అమెరికాలో ఈ సంగతిని తొలినాళ్లలోనే గుర్తించి, ఆచరణలో పెట్టినవారిలో ఐజయా థామస్ (1749–1831) ముఖ్యుడు. అతడు ముద్రాపకుడు, పత్రికా సంపాదకుడు, ముద్రణ చరిత్రకారుడు. అతని చరిత్ర దృష్టి అచ్చుకూటపు అనుభవం నుండి ఎలా రూపొందిందో, దాని పరిమితి ఎక్కడ ఉందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అచ్చుకూటమే బడి:

థామస్ బోస్టన్‌లో పేద కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి మరణించాడు. 1756లో, ఏడేళ్ల వయసులో, జెకరయా ఫౌల్ అనే ముద్రాపకుని దగ్గర పని నేర్చుకోవడానికి ఒడంబడికపై చేరాడు. చదవడం సరిగా రాకముందే ఒక పాటకు అచ్చు అక్షరాలు కూర్చాడు. ఫౌల్ అచ్చుకూటంలో ఎక్కువగా తయారయ్యేవి వీధి పాటలు, చిన్న పుస్తకాలు. పండితులు లెక్కచేయని ఈ సరుకుతోనే అతనికి అక్షరపరిచయం కలిగింది. ఒడంబడిక కాలం ముగియకుండానే 1765లో నోవా స్కోషియాలోని హాలిఫాక్స్‌కు వెళ్లి, అక్కడి గెజిట్‌లో పనిచేస్తూ బ్రిటిష్ స్టాంపు చట్టాన్ని వ్యతిరేకించాడు. తరువాత దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లోనూ కొంతకాలం పనిచేశాడు.

3. ‘మసాచుసెట్స్ స్పై’:

1770లో బోస్టన్ తిరిగివచ్చి, పాత యజమాని ఫౌల్‌తో కలిసి ‘మసాచుసెట్స్ స్పై’ పత్రికను ప్రారంభించాడు. కొద్ది నెలల్లోనే ఫౌల్ వాటాను కొని ఏకైక యజమాని అయ్యాడు. చేతిపనివారు, సామాన్యులు కొని చదవగలిగేలా దీన్ని మొదట వారానికి మూడుసార్లు చిన్న పరిమాణంలో వెలువరించాడు. 1771లో దాన్ని వారపత్రికగా మార్చాడు. అన్ని పక్షాలకూ చోటిస్తానని ప్రకటించినా, పత్రిక త్వరలోనే వలస పాలనను ఎదిరించే గొంతుగా మారింది. అదే ఏడాది గవర్నర్ హచిన్సన్‌ను విమర్శించిన ఒక వ్యాసంపై సంజాయిషీ ఇవ్వాలని ప్రభుత్వ మండలి పిలిపించగా, థామస్ వెళ్లడానికి నిరాకరించాడు. అతనిపై అభియోగం మోపడానికి గ్రాండ్ జ్యూరీ ఒప్పుకోలేదు.

4. వుస్టర్‌కు తరలింపు:

1775 నాటికి బోస్టన్ బ్రిటిష్ సైన్యం అధీనంలో ఉంది. ఏప్రిల్ 16 రాత్రి థామస్ తన అచ్చుయంత్రాన్ని, అక్షరాలను రహస్యంగా చార్ల్స్ నది దాటించి, లోతట్టున ఉన్న వుస్టర్‌కు పంపాడు. మూడు రోజులకే లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో యుద్ధం మొదలైంది. మే 3న వుస్టర్ నుండి వెలువడిన తొలి సంచికలో ఆ పోరాట వార్త వచ్చింది. అది బ్రిటిష్ సైనికుల దౌర్జన్యాన్ని తీవ్రంగా ఖండించే పక్షపాత రచన. నాటి మనోభావాలకు సాక్ష్యంగా దాని విలువ ఎక్కువ, తటస్థ కథనంగా తక్కువ.

యుద్ధానంతరం థామస్ వ్యాపారం విస్తరించింది. కాగితపు మిల్లు, బైండింగ్ శాల, పుస్తక దుకాణాలు దానికి తోడయ్యాయి. వర్ణబోధినులు, పిల్లల పుస్తకాలు, సంగీత గ్రంథాలు, 1791లో పెద్ద పరిమాణపు బైబిలు అచ్చువేశాడు. పత్రికల ప్రకటనలపై రాష్ట్రం పన్ను విధించినప్పుడు, నిరసనగా 1786 నుండి 1788 వరకు ‘స్పై’ని ఆపి దాని బదులు ‘వుస్టర్ మ్యాగజైన్’ నడిపాడు.

5. ముద్రణ చరిత్ర రచన:

1802లో వ్యాపార బాధ్యతలు కుమారునికి అప్పగించి, థామస్ చరిత్ర రచనకు పూనుకున్నాడు. 1810లో రెండు సంపుటాలుగా ‘ది హిస్టరీ ఆఫ్ ప్రింటింగ్ ఇన్ అమెరికా’ వెలువడింది. ఇందులో ముద్రాపకుల జీవితాలను, పత్రికల పుట్టుపూర్వోత్తరాలను ప్రాంతాలవారీగా కూర్చాడు. తనకు తెలిసిన వృత్తివారి జ్ఞాపకాలను, సేకరించిన పత్రికలను ఆధారాలుగా చేసుకున్నాడు. భర్తల తరువాత అచ్చుకూటాలు నడిపిన స్త్రీలకూ ఇందులో చోటుంది. న్యూపోర్ట్‌కు చెందిన ఆన్ ఫ్రాంక్లిన్ వారిలో ఒకరు. బ్రిటిష్ పక్షపాతి అయిన న్యూయార్క్ ముద్రాపకుడు జేమ్స్ రివింగ్టన్ పత్రికా సామర్థ్యాన్ని కూడా అతడు గుర్తించాడు. 1775 నాటి సంపాదకునికీ 1810 నాటి చరిత్రకారునికీ ఉన్న దూరాన్ని ఈ అంచనా తెలుపుతుంది.

6. భాండాగార స్థాపన:

గ్రంథరచన కోసం సేకరించిన సామగ్రి చెదిరిపోకూడదన్న ఆలోచనే 1812లో అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ స్థాపనకు దారితీసింది. థామస్ తన గ్రంథాలయంలోని సుమారు 8,000 సంపుటాలను దానికి ఇచ్చాడు. 1820లో సొంత ఖర్చుతో భవనం కట్టించాడు. మరణించేవరకు సంస్థ అధ్యక్షుడిగా ఉన్నాడు. అప్పుడు మళ్లీ బ్రిటన్‌తో యుద్ధం నడుస్తోంది. రేవు పట్టణాలకు అగ్నిప్రమాదం, శత్రుదాడి భయం ఉన్నందున లోతట్టు వుస్టర్‌ను ఎంచుకున్నట్లు సంస్థ వివరించింది. 1775లో అచ్చుయంత్రాన్ని కాపాడిన తర్కమే 1812లో అచ్చుకాగితాలనూ కాపాడింది. ఆ యంత్రం నేటికీ ఆ సంస్థలోనే ఉంది.

అతడు బోస్టన్ ముద్రాపకుడు నథానియల్ కవర్లీ నుండి 300కు పైగా పాటల కాగితాలు కొని, మూడు సంపుటాలుగా కట్టించాడు. నాటి సామాన్య జనంలో ఏవి ప్రచారంలో ఉన్నాయో చూపడానికే వాటిని దాచినట్లు స్వయంగా రాసుకున్నాడు. ఆ మాటల్లో పై తరగతివాని చిన్నచూపు లేకపోలేదు. అయినా బాల్యంలో తాను అక్షరాలు కూర్చిన సాహిత్యానికే అతడు చారిత్రక ఆధారపు హోదా ఇచ్చాడు.

7. పరిమితి:

బోస్టన్ ముద్రాపకుడు థామస్ ఫ్లీట్ అచ్చువేసిన పాటలకు, చిన్న పుస్తకాలకు బొమ్మలను చెక్కదిమ్మెలపై చెక్కింది అతని దగ్గర బానిసగా ఉన్న ఒక నల్లజాతి కళాకారుడు. ఈ విషయం థామస్ గ్రంథంలో ఉంది. అతని కుమారులని తాను భావించిన పాంపీ, సీజర్‌ల పేర్లు ఇచ్చిన థామస్, కళాకారుని పేరు మాత్రం ఇవ్వలేదు. అతడు పీటర్ ఫ్లీట్ అని తరువాతి పరిశోధకులు గుర్తించారు. నైపుణ్యాన్ని మెచ్చుకున్న గ్రంథమే వ్యక్తిని అనామకుణ్ణి చేసింది. అయితే ఆ ప్రస్తావన లేకపోతే వెతకడానికి ఆనవాలు కూడా మిగిలేది కాదు.

8. ముగింపు:

థామస్ స్వయంగా సవరించుకున్న ప్రతి ఆధారంగా 1874లో ఆ గ్రంథం రెండో ముద్రణ వెలువడింది. సొసైటీ గ్రంథపాలకుడిగా పనిచేసిన క్లారెన్స్ బ్రిగమ్ 1690–1820 మధ్యకాలపు అమెరికన్ పత్రికల వివరపట్టికను 1947లో ప్రచురించాడు. థామస్ నిర్ధారణల్లో కొన్నింటిని తరువాతివారు సరిదిద్దగలిగారంటే, అందుకు అతడు దాచిన కాగితాలూ ఒక కారణం. చరిత్రకారుడు తన తీర్పులతోపాటు వాటిని పరీక్షించే ఆధారాలను కూడా అందించాలన్నది అతని కృషి నుండి గ్రహించదగిన పద్ధతి. ఏ భాషలోనైనా ముద్రణ చరిత్రను పరిశోధించేవారికి గ్రంథాల జాబితాలతోపాటు అచ్చుకూటాల చిల్లర కాగితాలు, వాటి వెనుక పనిచేసిన చేతుల పేర్లు కూడా పరిశోధనాంశాలే.