మురుగునీటితో భూగర్భ జలాలకు ఊపిరి.. ఆరెంజ్ కౌంటీ ప్లాంట్ ఎలా పనిచేస్తుందంటే?

సముద్రం పక్కనున్న ఊళ్లలో బోర్లు అదేపనిగా తోడేస్తే ఏమవుతుంది? నేల అడుగున మంచినీరు తగ్గిన చోటికి ఉప్పునీరు చొచ్చుకొస్తుంది. ఒకసారి ఉప్పుబారిన బావిని మళ్లీ బాగు చేయడం అంత తేలిక కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఆరెంజ్ కౌంటీకి ఇదే ముప్పు వచ్చింది.

దీంతో అక్కడి భూగర్భ జలాల సంస్థ, మురుగునీటి సంస్థ చేతులు కలిపాయి. సముద్రంలో కలిసిపోయే మురుగునీటినే శుద్ధి చేసి భూమిలోకి పంపాలని ప్లాన్ వేశాయి. 2008లో ఫౌంటెన్ వ్యాలీలో ప్లాంట్ మొదలైంది.

శుద్ధి ఇలా..

* ముందుగా మైక్రోఫిల్ట్రేషన్. సన్నటి గొట్టాల్లాంటి ఫిల్టర్లు మడ్డిని, బ్యాక్టీరియాను ఆపేస్తాయి.
* తర్వాత రివర్స్ ఆస్మోసిస్. ఉప్పు, వైరస్‌లు, మందుల అవశేషాలు ఇక్కడ పోతాయి.
* చివరగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి అతినీలలోహిత కిరణాలు పంపిస్తారు.

ఇంతగా వడగట్టిన నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. అలాగే వదిలితే పైపులను తినేస్తుంది. అందుకే సున్నం కలుపుతారు.

ఈ నీటిలో కొంత తీరంలోని బావుల ద్వారా లోపలికి వెళ్లి ఉప్పునీటికి అడ్డుగోడలా నిలుస్తుంది. మిగతాది అనాహైమ్‌లోని చెరువుల్లో ఇంకుతుంది. ఉప్పు తక్కువ కాబట్టి భూగర్భ జలాల నాణ్యత కూడా మెరుగవుతుంది.

రోజుకు 7 కోట్ల గ్యాలన్లతో మొదలైన సామర్థ్యం 2015లో 10 కోట్లకు, 2023లో 13 కోట్లకు, అంటే సుమారు 49 కోట్ల లీటర్లకు చేరింది.

అయితే యంత్రాలు పెడితేనే పని అయిపోదు. ఫ్యాక్టరీల రసాయనాలు డ్రైనేజీలో కలవకుండా మొదట్లోనే అడ్డుకోవాలి. 'మురుగునీళ్లు తాగాలా?' అన్న జనం అనుమానాన్నీ ప్లాంట్ కట్టకముందే తీర్చాలి. ఆరెంజ్ కౌంటీ ఈ రెండు పనులూ చేసింది.