దొంగ ఎవరు, దయ్యం ఎవరు? గోదావరి ఒడ్డు కథల్లో చరిత్ర

సముద్రం ఉన్న చోట ఓడదొంగల కథలుంటాయి. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు సముద్రం లేదు. రెంటి నడుమ గోదావరి ఉంది, దాని ఉత్తరాన అడవి ఉంది. ఓడదొంగల స్థానంలో ఇక్కడ పిండారీలు, రోహిల్లాలు, బందిపోట్లు. మునిగిన ఓడల బదులు లంకెబిందెలు. ఈ కథలను చదువుకున్నోళ్లు మూఢనమ్మకమని కొట్టిపారేసిన్రు. పండితులు జానపదమని రాసుకుని అల్మారాలో పెట్టిన్రు. మేము అడిగేది వేరే ప్రశ్న. ఎవరి భయం కథ అయ్యింది? ఎవరిని దొంగ అన్నరు, ఎవరిని దయ్యం చేసిన్రు?

నిర్మల్ నుంచి మొదలుపెడదాం. అక్కడి మర్రిచెట్టుకు జనం పెట్టిన పేరు వెయ్యి ఉరుల మర్రి. 1857 తర్వాత ఈ ప్రాంతంలో రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, వారితో కలిసి రోహిల్లాలు నిజాం సర్కారు మీద, ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డారు. 1860లో రాంజీని, ఆయనతోపాటు వెయ్యిమందిని ఆ చెట్టుకు ఉరితీశారని జనం చెప్పుకుంటారు. రోహిల్లాలు సిపాయి కొలువు మీద బతికిన పఠాన్లు. 1857 జులై 17న హైదరాబాదులో రెసిడెన్సీ మీద దాడి చేసినవాళ్లలో వాళ్లు ముందున్నారు. సర్కారు కాగితాల్లో మాత్రం రోహిల్లా అంటే దోపిడీగాడే. ఒకే మనిషి కాగితంలో దొంగ, ఊరి నోట్లో వీరుడు, చీకటిపడ్డాక చెట్టు మీది దయ్యం.

వెయ్యి అనే అంకెను లెక్కగట్టి రుజువు చేయమని చరిత్రకారులు అడుగుతారు. అడగాల్సిందే. కానీ ఆ అంకె ఎందుకు నిలిచిందో కూడా అడగాలి. సమాధి లేదు, పేర్ల జాబితా లేదు, దినాలు చేసినోళ్లు లేరు. రాయని చావులకు చెట్టే దస్తావేజు అయ్యింది. 1995లో గాలివానకు ఆ చెట్టు కూలిపోయిందంటారు. చెట్టు పోయినా పేరు పోలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు ఆదివాసుల మీద కాల్పులు జరిపారు. సర్కారు చెప్పిన లెక్క 13 మంది. అంతకు ఎన్నోరెట్లు ఎక్కువని జనం లెక్క. సర్కారు లెక్కకు, జనం లెక్కకు నడుమ మిగిలిన ఖాళీలోనే ఇలాంటి కథలు పుడతాయి.

దయ్యాలంటే భయం అడివోళ్లకే, ఊరోళ్లకే అనుకోవద్దు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను పోలీసులు కాల్చిచంపారు. ఆయనకు మంత్రాలు వచ్చని, చచ్చినా మళ్లీ లేస్తాడని భయపడి పీనుగు మీద కూడా తూటాలు పేల్చారని చెప్పుకుంటారు. తుపాకీ చేతిలో ఉన్నవాడికే ఎక్కువ భయమని ఈ కథ చెబుతోంది.

ఇప్పుడు గోదావరి ఇవతలి ఊళ్లకు వద్దాం. గోండులది, మాల మాదిగలది ఒకే చరిత్ర కాదు. వాళ్లకు పోయింది భూమి, అడవి. మనోళ్లకు భూమి మొదలే దక్కలేదు, దక్కింది వెట్టి. కబురు మోసేది, గడీకి కావలి కాసేది, పీనుగును పూడ్చేది బేగరి, సేత్‌సింధి. వీళ్లలో ఎక్కువమంది మనవాడలోళ్లే. దొర బండి ముందు రాత్రిపూట దివిటీ పట్టుకుని నడిచింది కూడా వెట్టివాళ్లే. ఊళ్లల్లో కొరివిదయ్యం కథ వినని పిల్లలుండరు. దూరంగా పొలాల్లో మంట కదులుతుంది, ఆగుతుంది, మాయమవుతుంది. ఆ మంటల్లో కొన్నయినా వెట్టివాడి చేతి దివిటీలే అయ్యుంటాయని మా ఊహ. మేడ మీద నిలబడి చూసినోడికి అది దయ్యం. మోసినోడికి అది తెల్లారేదాకా తీరని చాకిరి.

దయ్యాలు ఎక్కడుంటాయో కూడా చూడండి. శ్మశానం పక్కన, చింతతోపులో, వాగు మలుపులో. వాడను కూడా ఊరు అటువైపే నెట్టింది. భయపడాల్సిన చోట ఎవరిని ఉండమన్నరు? పీనుగును ముట్టే పని ఎవరికి ఇచ్చిన్రు? అంటరానితనం చేసిన హద్దుకే దయ్యం కాపలా కాసింది.

లంకెబిందెల కథలూ అంతే. దండు వస్తుందని షావుకారు బంగారం పాతిపెట్టాడని, దాన్ని దయ్యం కాస్తుందని, బలి ఇస్తేగాని దక్కదని చెబుతారు. ఆ బంగారం ఎవరి కష్టం నుంచి వచ్చిందో మాత్రం కథ చెప్పదు. నాగుపేరు, అప్పుపేరు మీద పేదల ఇళ్ల నుంచి గింజలు ఎట్ల పోయినయో కథలో ఉండదు. పాతిపెట్టినోడిని దొంగ అని ఎవరూ అనలేదు.

ఇవన్నీ పాత ముచ్చట్లేనని వదిలేయలేం. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పట్టపగలు చంపారు. చేతబడి, బాణామతి అనే మాట ఎవరి మీద పడుతుందో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. అండలేని ఇల్లు, ఒంటరి ఆడమనిషి, భూమి తగాదా ఉన్న బీదకుటుంబం. ఒకప్పుడు తిరగబడ్డవాడిని దొంగను చేసిన నోరే ఇప్పుడు బలహీనుడిని మంత్రగాడిని చేస్తోంది.

కాబట్టి కథలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దని మా మాట. వెయ్యి ఉరుల మర్రి కథ చచ్చినోళ్లను గుర్తుపెట్టుకుంది. బాణామతి కథ బతికినోళ్లను చంపుతోంది. మొదటిదాన్ని చరిత్రగా రాసుకోవాలి, రెండోదాన్ని నేరంగా ఎదుర్కోవాలి. వాడల్లో ముసలోళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పే దయ్యాల కథ వినేటప్పుడు, నమ్మాలా వద్దా అని తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ దారిన రాత్రిపూట ఎవరు నడిచిన్రు, ఎవరు నడిపిచ్చిన్రు అని అడుగుదాం.